ఆకే కదమ్మా, అంత రేటేంటి?

మొన్న ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. బొబ్బిలి వైపు పెళ్ళట, జ్యేష్ఠంలో ముహూర్తం, "మీరు తాటాకుతో స్టేజీ కడతారట కదమ్మా, ఎంతవుద్ది?" అన్నారు ఒక పెద్దాయన. కొలతలు అడిగి, పదహారు ప్యానెళ్ళు పడతాయని లెక్కేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత వచ్చింది, నేను అనుకుంటున్న మాటే. "ఆకే కదమ్మా, అంత రేటేంటి?"

నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాలుగేళ్ళుగా ఈ మాట వింటున్నాను. పొలం గట్టు మీద ఎవరూ నీళ్ళు కూడా పొయ్యని చెట్టు, దానికి ఊరికే వచ్చే ఆకు, దానికి డబ్బులేంటి అని. ఆయనకి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. చారన్నం చల్లారిపోతోంది, పైగా డబ్బుల దగ్గరికొచ్చేసరికి నాకు నోరు పెగలదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను, ఇకనుంచి ఎవరడిగినా లింకు పంపించేస్తా.

ముందు నా సంగతి. విజయనగరంలో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ డెకరేషన్ చేస్తుంటాను. మొదట్లో అందరిలాగే థర్మకోల్ పనే. థర్మకోల్ నెమళ్ళు, థర్మకోల్ స్తంభాలు, థర్మకోల్ అక్షరాల మీద బంగారు రంగు కొట్టి పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు. రాత్రి పెళ్ళయితే తెల్లారి పదింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి కాబట్టి ఊడబీకిందంతా ఆటోలో కుక్కి ఊరి చివర పారబోసి రావడం, అక్కడ ఎవరో ఒకరు అగ్గిపుల్ల గియ్యడం, ఆ నల్లటి పొగ, ఆ వాసన బట్టల్ని రెండ్రోజులు వదిలేది కాదు. 2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మకోల్‌ని, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లల్ని, 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లని దేశమంతా నిషేధించారు. నిషేధం వచ్చింది కాబట్టి నేను మారిపోయానని అబద్ధం చెప్పను. షీట్లు దొరకడం ఆగలేదు, నేను వెంటనే కొనడమూ ఆపలేదు.

నన్ను మార్చింది మా అక్క కూతురి బారసాల. మా అమ్మమ్మగారి ఊరు పూసపాటిరేగ దాటాక సముద్రం వైపు. అక్కడి నుంచి వరసకి అత్త అయ్యే ఒకావిడ ఉయ్యాలకి కట్టమని తాటాకు చిలకలు ఓ ఇరవై, లోపల గింజలు పోసి అల్లిన గిలకలు నాలుగు సంచిలో వేసుకుని తెచ్చింది. నేను పొద్దున్నుంచీ ఊపిరి బిగబట్టి నిలబెట్టిన బెలూన్ల ఆర్చి పక్కనే ఉంది. ఫొటోగ్రాఫర్ దాని వైపు చూడనైనా చూడకుండా చిలకల చుట్టూనే తిరిగాడు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో తిరిగి వారం లోపల ముగ్గురు ఫోన్ చేశారు, ఆ చిలకలు ఎక్కడ దొరుకుతాయని. బెలూన్ల గురించి ఒక్కరూ అడగలేదు. కాస్త నామోషీగానే అనిపించింది లెండి.

అసలు తాటాకు మనకి కొత్తదా? ఆకు చీలికని తుమ్మముల్లుతో పుల్లకి గుచ్చి గాలికి ఎదురు పరిగెత్తితే గిర్రున తిరిగేది. బూర చుట్టి ఊదితే మధ్యాహ్నం నిద్ర చెడగొట్టామని తిట్లు. వేసవి సెలవులంతా తాటాకు బొమ్మలకి పెళ్ళిళ్ళే. శ్రీరామనవమికి తాటాకు పందిరి, కాశీయాత్రకి బయల్దేరే పెళ్ళికొడుక్కి తాటాకు గొడుగు, వైశాఖంలో దానమిచ్చేది తాటాకు విసనకర్ర. మట్టల ఆదివారం నాడు చర్చిలకి ఈతమట్టలు వెళ్తాయి, అదీ ఈ కుటుంబమే. వానాకాలం పొలంలో నెత్తిన పెట్టుకునే ఆకు గొడుగుని గిడుగు అంటారు, పర్వతాలపేటలో పుట్టిన రామ్మూర్తి పంతులుగారి ఇంటిపేరు గుర్తొచ్చిందా, అదే. ఇక ఆకుని మా వైపు కమ్మ అంటారు, తాటికమ్మ. చెవికి పెట్టుకునేదీ కమ్మే, వెనకటి రోజుల్లో రాసి పంపిన ఉత్తరమూ కమ్మే. దాంతో కప్పితే కమ్మలిల్లు. ఈ కమ్మలిల్లు దగ్గరికి మళ్ళీ వస్తాను, అక్కడ నాకో దెబ్బ తగిలింది.

ఇప్పుడు ఆకు సంగతి. చెట్టు మీద ఆకులన్నీ ఒక పనికి రావు. బాగా విచ్చుకుని ముదిరినవి పందిరి కప్పడానికి, దడి కట్టడానికి. అల్లికకి కావలసింది మొవ్వాకు, అంటే ఇంకా విచ్చుకోకుండా బల్లెంలా నిలువుగా నిలబడిన లేతాకు. ఎండితే మీగడ రంగుకి తిరుగుతుంది, మెత్తగా ఉంటుంది, మడత పెట్టినా మాట వింటుంది. ఫొటోల్లో మీకు నచ్చే రంగు అదే. కానీ తాటిచెట్టుకి కొమ్మలుండవు, పెరుగుదలంతా ఆ ఒక్క మొనలోంచే. ఆ చిలకలు తెచ్చిన అత్తే ఇప్పుడు నాకు అల్లిపెడుతోంది. ఆవిడ నాకు మొదటిరోజే చెప్పింది, "ఒక సెట్టుకి ఒక మొవ్వు కోసినావంటే ఇంక దాని జోలికెల్లకు. మళ్ళీ రెండు మూడు కమ్మలు ఇచ్చుకునే దాకా ఒగ్గీ." అంటే పది మొవ్వలు కావాలంటే పది చెట్లు ఎక్కాలి. ఎక్కేదెవరు? కల్లు గీసేవాళ్ళు. వాళ్ళ మోకు, వాళ్ళ కత్తి, వాళ్ళ ప్రాణం. కల్లు గీసుకునే చెట్టు వదిలి నా ఆకు కోసం ఇంకో చెట్టెక్కమంటే ఊరికే ఎందుకెక్కుతారు? అక్కడ మొదలవుతుంది ఖర్చు.

కోసుకొచ్చిన మొవ్వని విప్పి ఎండలో పరవాలి. మంచి ఎండైతే మూడు రోజులు, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చెయ్యాలి. తర్వాత ఒక్కో రెక్కకి నడుమ ఉండే ఈనె తీసెయ్యాలి, అప్పుడు రెక్క రెండు పాయలవుతుంది. ఈనెలు పారెయ్యరు, కట్ట కట్టి చీపురు చేసుకుంటారు. పాయలన్నీ ఒకే వెడల్పున ఉంటేనే అల్లిక తిన్నగా వస్తుంది, దానికోసం అత్త చెక్కముక్కకి రెండు బ్లేడ్లు బిగించి పెట్టుకుంది. ఇక్కడితో అయిపోలేదు. ఎండిన ఆకు పొడిగా అల్లితే మడత దగ్గర టక్కున విరుగుతుంది, అందుకని మళ్ళీ తడపాలి. మరీ నాననిచ్చామా, అల్లేటప్పుడు బాగానే ఉంటుంది, ఆరాక పాయ కుంచించుకుపోయి అల్లికంతా సందులు పడుతుంది. తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని కావలసినంతే తీసుకుంటూ అల్లాలి. ఎంత తడి సరిపోతుందో అత్త చేత్తో ముట్టుకుని చెప్పేస్తుంది. నాకు ఇప్పటికీ రాదు.

రాదని ఎలా తెలిసిందంటే, నా మొదటి పెద్ద ఆర్డరు శ్రావణంలో వచ్చింది. శ్రీకాకుళంలో గృహప్రవేశం. ప్యానెళ్ళు రెండ్రోజుల ముందే తయారైపోయాయని సంబరపడిపోయి, వానకి తడవకుండా ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టబెట్టి పెట్టాను. లోపల కాస్త తేమ మిగిలి ఉందని నాకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ విప్పితే ప్రతి దాని మీదా నల్లటి బూజు చుక్కలు, మశూచి పోసినట్టు. పర్యావరణం అని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్న మనిషిని, ఆకుకి ప్లాస్టిక్ చుట్టి నా చేత్తో నేనే పాడుచేసుకున్నాను. ఆ రోజు గుడ్డ పరదాలు, బంతిపూలతో ఎలాగో గట్టెక్కించి, డబ్బులు సగమే తీసుకున్నాను. విషయం చెప్తే అత్త నవ్వాపుకోలేకపోయింది. "ముసుగేస్తే మనిసికే సెమట పడుద్ది, ఆకుకి పట్టదేటి?" ఇప్పుడు వానాకాలం ఆర్డర్లకి ఆకంతా వేసవిలోనే ఎండబెట్టి పెట్టుకుంటాం, ప్యానెళ్ళు పాత దుప్పట్లలో చుడతాం.

రంగుల్లోనూ ఒకసారి దెబ్బ తిన్నాను. బజారు రంగు పొడి మరిగే నీళ్ళలో వేసి పాయలు ముంచితే రాణీరంగు భలే పట్టింది, కానీ రెండోసారి మంచినీళ్ళలో ఉడికించి కడగడం మానేశాను. పెళ్ళినాడు నాలుగు చినుకులు పడ్డాయి. కింద పరిచిన తెల్లగుడ్డ మీదికి రాణీరంగు కాలవలు కట్టింది. అదృష్టం, పెళ్ళికూతురి చీర దాకా పోలేదు. పసుపు, మోదుగుపూలు కూడా వాడి చూశాను. పసుపు ఎండ తగిలితే నాలుగైదు రోజుల్లో వెలిసిపోతుంది కాబట్టి హాలు లోపల పనికే. నిజం చెప్పాలంటే నాకిప్పుడు అసలు రంగే వెయ్యబుద్ధి కాదు, మీగడ రంగు పక్కన నాలుగు బంతిదండలు వేలాడదీస్తే చాలు.

సరే, లెక్క. పది అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు తెర ఒకటి, అంగుళం పాయతో చాప అల్లిక వెయ్యాలనుకోండి. ఆకు ఎంత పడుతుంది? పది పన్నెండు మొవ్వలు, చెడిపోయేవాటితో కలిపి పదిహేను. ఎక్కి కోసినందుకు, ఊరి నుంచి తెచ్చినందుకు ఇచ్చేది కలిపినా నా బిల్లులో అది చిన్న ముక్క. ఫోన్ చేసిన పెద్దాయన అన్నది అక్కడి వరకూ నిజమే, ఆకు చవకే. కానీ ఆ ఎనభై చదరపు అడుగులు అల్లడానికి చెయ్యి తిరిగిన మనిషికి రోజుకి ఏడు, ఎనిమిది అడుగులకి మించదు. అంటే పది పదకొండు రోజుల కూలి, ఒక్క తెరకి. దానికి ముందు ఈనె తీసి పాయలు చీల్చడం ఇంకో మూడు రోజులు. ఉపాధి హామీ పనికెళ్తే 2025-26లో మన రాష్ట్రంలో రోజుకి 307 రూపాయలు కట్టారు. ఇంట్లో కూర్చుని చేసే పనే కదా అని అంతకంటే తక్కువిస్తే అత్త పారెత్తుకుని చెరువు పనికే పోతుంది, పోవాలి కూడా. నేను రోజుకి ఐదొందలిస్తాను. ఇక్కడే మనందరం ఒక తప్పు చేస్తాం. సంతలో తాటాకు బుట్ట అరవై రూపాయలకి వస్తుంది కాబట్టి ఆ పని విలువ అరవై అనుకుంటాం. ఆ అరవైలో బుట్ట అల్లినావిడ తన ఒకటిన్నర రోజు ఖరీదు వేసుకోలేదు, వేసుకుంటే ఎవరూ కొనరని తెలుసు కాబట్టి.

నేనూ ఆ తప్పు చేశాను. పోయినేడాది అత్త కూలి పెంచమన్నప్పుడు, ఆ రోజు ఏ చిరాకులో ఉన్నానో, "ఆకే కదత్తా" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో పాయ పక్కన పెట్టి లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది. ఆ టీ తాగుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాను. పెంచాను.

కమ్మలిల్లు దగ్గరికొస్తానన్నాను కదా. పోయిన వైశాఖంలో శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం, నా ఫొటోలు చూసి పందిరి మొత్తం తాటాకుతోనే కావాలంది. మాట్లాడుకోవడానికి ఇంటికెళ్తే వాళ్ళ నాన్నగారు అంతా విని, ఫొటోలు చూసి, ఫోన్ నా చేతికి తిరిగిచ్చేశారు. "మేం కమ్మలింట్లో పుట్టినోళ్ళం. ఎండాకాలం వొస్తే ఎవుల పొయ్యిలో రవ్వ ఎగిరొచ్చి పడుద్దోనని బిందెల్తో నీళ్ళు పెట్టుకుని పడుకునేవోళ్ళం. తుఫానొస్తే పొద్దున్నకి ఇంటిమీద ఒక్క కమ్మ ఉండేది కాదు. ఆ కమ్మ తీసి స్లాబు ఏసుకోడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు లచ్చ రూపాయలు పుచ్చుకుని మళ్ళీ నా నెత్తిమీద కమ్మ కప్పుతానంటావేటమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసిన నేల ఇది. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టేసింది. మేం వీడియోకి వెనకాల వేణువు పెట్టి పల్లె అందాలు అని చూపిస్తాం గానీ, ఆ కమ్మ కింద వానకి గిన్నెలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి అదేం అందం? తాటాకు ఇష్టపడేవాళ్ళు ఎక్కువమంది స్లాబు ఇళ్ళలో పుట్టినవాళ్ళే, నాతో సహా. అప్పటినుంచి "పాతరోజులు మళ్ళీ తెస్తాం" అని పోస్టుల్లో రాయడం మానుకున్నాను.

చివరికి తండ్రీకూతుళ్ళ మధ్య రాజీ కుదిరింది. నెత్తిమీద గుడ్డ పందిరే. పక్కలకి అల్లిక ప్యానెళ్ళు, గుమ్మానికి తోరణం, తాంబూలానికి చిన్న బుట్టలు మూడొందలు. పెళ్ళినాడు హడావుడిలో ఆయన ఒక ప్యానెల్ దగ్గర ఆగి అంచు వేలితో తడిమి చూశారు. "మా యమ్మ ఇంతకంటే బిగువుగా అల్లీది" అని వెళ్ళిపోయారు. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తెలీదు.

నిప్పు గురించి ఆయన అన్నది మాత్రం అక్షరాలా నిజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తాటాకు మంట అని ఊరికే అనలేదు పెద్దలు, అంటుకుందంటే చూస్తుండగానే పైకి లేస్తుంది. అందుకని హోమగుండానికి వెనక ఎప్పుడూ ఆకు పెట్టను, పీటల చుట్టూ ఆరడుగులు వదిలేస్తాను. హాలోజన్ లైట్లు వద్దేవద్దు, అన్నీ ఎల్‌ఈడీలే. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడితే మంట త్వరగా పట్టుకోదు, కానీ వాన తగిలితే ఆ మందు కడిగేసుకుపోతుంది. కాబట్టి మందు మీద భరోసా పెట్టుకోకుండా రెండు బకెట్ల ఇసుక, ఒక మంటలార్పే సిలిండరు తెచ్చి స్టేజీ వెనక పెడతాను. బాణాసంచా కాలుస్తామంటే ఆర్డరే వద్దంటాను, దీనివల్ల పోయిన బేరాలున్నాయి.

పర్యావరణం అన్నాను కాబట్టి అదీ నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఆకు పెట్టినంత మాత్రాన పని పచ్చగా అయిపోదు. ఆకు ప్యానెల్‌కి బంగారు రంగు స్ప్రే కొట్టి, పూలు గుచ్చడానికి ఆకుపచ్చ స్పాంజీ పెట్టి, ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి, ఎకో వెడ్డింగ్ అని రాసుకునేవాళ్ళున్నారు. ఆ స్పాంజీ కూడా ప్లాస్టిక్కే, చేత్తో నలిపితే పొడిపొడి అయ్యి మట్టిలో కలిసినట్టు కనిపిస్తుందే గానీ కలవదు. నేను చట్రాలకి సరుగుడు కర్రలు వాడతాను, మన తీరం పొడుగునా తోటలే కాబట్టి దూరం నుంచి తేవక్కర్లేదు. కట్టడానికి కొబ్బరి తాడు, తాటినార. బుట్టల్లో పూలకి స్పాంజీ బదులు తడి ఇసుక నింపిన మట్టి ముంతలు. అయినా స్టేజీ పైఅంచున నాలుగు చోట్ల ప్లాస్టిక్ ట్యాగులు ఇంకా వాడుతున్నాను, ఎందుకంటే భోగాపురం వైపు సముద్రపు గాలికి ఒకసారి తాడు ముడి వదిలి ప్యానెల్ కింద పడింది. పెళ్ళివాళ్ళ నెత్తిన పడలేదు గానీ, ఆ టెన్షన్ తర్వాత తాడుని నమ్మడానికి ధైర్యం చాలడం లేదు. మా తాతగారి కాలంలో పెళ్ళిరాటకి వేసిన ముడి ఎలా నిలిచేదో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నేర్పండి, దండం పెడతాను.

కొబ్బరాకు ఎందుకు వాడరని కొందరడుగుతారు. కేరళవాళ్ళు కొబ్బరి మొవ్వాకుని కురుత్తోల అంటారు, దాంతో ఎంత చక్కగా అలంకరణ చేస్తారో చూశాను. అది అప్పటికప్పుడు చేసి అప్పటికప్పుడు తీసేసే పని, ముందురోజు సాయంత్రం అల్లితే మర్నాడు మధ్యాహ్నానికి అంచులు చుట్టుకుపోతాయి. ఒక్కపూట పూజకైతే హాయిగా వాడండి. నాకు కావలసింది ఎండిపోయాక కూడా ఉండే ఆకు. ఒక ప్యానెల్ జాగ్రత్తగా వాడితే ఆరేడు పెళ్ళిళ్ళకి వస్తుంది, నెలకోసారి ఎండలో పెట్టి మధ్యలో వేపాకు వేసి ఉంచితే పురుగు పట్టదు. కొత్తగా అల్లిస్తే ఒక రేటు, వాడినవి అద్దెకైతే అందులో మూడో వంతు. చాలామందికి ఈ అద్దె సంగతి తెలియదు, తెలిసినా "ఒకళ్ళ పెళ్ళికి వాడినవా?" అని మొహం చిట్లిస్తారు. షామియానా ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో మాత్రం ఎవరూ అడగరు. ఇక అంచులు చిరిగి పెళ్ళికి పనికిరాకుండా పోయినవి అత్త వాళ్ళ పశువులసాలకి దడిగా పోతాయి, అక్కడ ఒక వానాకాలం నిలబడి, తర్వాత పొయ్యిలోకో పెంటకుప్పలోకో. థర్మకోల్‌ని అలా ఎవరికైనా ఇవ్వగలమా? నేనొకసారి ఒక నెమలిని మా వీధి పిల్లలకిచ్చాను. మూడేళ్ళయింది, దాని తోక ముక్కలు ఇంకా మా వీధి కాలవలో కనిపిస్తూనే ఉన్నాయి.

పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశారు నిన్న సాయంత్రం. ఇంట్లో అందరూ మాట్లాడుకున్నారట, పదహారు వద్దు, ఎనిమిది ప్యానెళ్ళు చాలు, అవి కూడా కొత్తవే కావాలి అన్నారు. సరే అన్నాను. పనిలో పనిగా ఊళ్ళో మరో ముగ్గురు అమ్మాయిలకి అత్త చేత నేర్పిద్దామని ఈ ఆర్డరు మీద ఆశ పెట్టుకున్నాను, పదహారైతే అందరికీ పని సరిపోయేది. అత్తకి ఫోన్ చేసి ఎనిమిదేనని చెప్పాను.

"ఎనిమిదికైతే నానొక్కదాన్నే సాలు. ఆ గుంటల్ని పిలవకు, ఆల్లకిచ్చింది నాకియ్యి" అంది. తర్వాత, "బేగి సెప్పు, వానలొచ్చీలోపు మొవ్వు కోయించాల" అంది.

రేపు సంతకెళ్ళినప్పుడు ఆవిడ ఇంటికెళ్ళాలి. ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.